సైడు చివర మూడు నిమిషాలు

మద్దిలపాలెంలో మా ఇంటి వెనక సందులో ఇద్దరు కుర్రాళ్లు పెళ్లిళ్లకి పాటలు పెట్టే వ్యాపారం మొదలుపెట్టారు. వాళ్ల సౌండు డబ్బాల మోతకి మా ఇంటి కిటికీ రెక్కలు అదిరిపోతుంటే తిట్టడానికి వెళ్లాను. వెళ్లినవాణ్ణి కుర్చీ వేసి కూర్చోబెట్టి, టీ ఇచ్చి, మీరు ఈ పనే చేసేవారట కదా, మాకు నాలుగు మాటలు చెప్పండి అన్నారు. నోటితో చెబితే నేను దారి తప్పుతాను. ఒక కథ మొదలుపెట్టి ఇంకో కథలో తేలతాను. అందుకని రాస్తున్నాను. చదివాక మోత తగ్గిస్తారని ఆశ.

నేను పాటలు పాడినవాణ్ణి కాదు. ఒకే ఒక పాట రాశాను, దాని సంగతి తర్వాత వస్తుంది. పన్నెండేళ్లపాటు ఇతరుల కోసం కేసెట్లలో పాటలు ఎక్కించాను. ఆ వృత్తి ఇప్పుడు లేదు. మనుషులు మాత్రం పాట కోసం ఇంకా ఎవరో ఒకరి దగ్గరికి వస్తూనే ఉన్నారు కాబట్టి, నేను చేసిన తప్పు మీరూ చెయ్యగలరు.

పని ఎలా ఉండేదంటే

డెబ్బయ్యో దశకం చివర్లో చోడవరం పక్క పల్లె నుంచి వచ్చి, డాబా గార్డెన్స్‌లో ఒక మేడమెట్ల కింద ఉన్న రికార్డింగ్ షాపులో చేరాను. మా నాన్నకి రెండెకరాల చెరకు ఉండేది. నేను దాన్ని వదిలేసి మెట్ల కింద కూర్చుని ఏం చేస్తున్నానో ఆయనకి చివరిదాకా అర్థం కాలేదు.

జనం ఖాళీ కేసెట్టూ, ఒక చీటీ తెచ్చి ఇచ్చేవారు. చీటీలో వాళ్లకి కావలసిన పాటల వరస ఉండేది. మేము గ్రామఫోను రికార్డుల్లోంచి ఆ పాటలన్నీ ఒక్కొక్కటే కేసెట్టులోకి ఎక్కించి, పైన ముత్యాల్లాంటి అక్షరాలతో పేర్లు రాసి ఇచ్చేవాళ్లం. చట్టం ప్రకారం ఇది తప్పే. ఆ సంగతి మాకు తెలుసు, ఊళ్లో అందరికీ తెలుసు. నేనిప్పుడు సమర్థించుకోను.

ఎక్కువగా వచ్చేవి అరవై నిమిషాల కేసెట్లు. ఒక్కో వైపు ముప్ఫై నిమిషాలు. పాటల నిడివి కూడి చూసుకుని, ఏ పాటా మధ్యలో తెగకుండా సర్దాలి. పాట తెగితే మా పరువు పోయినట్టే. అలా సర్దగా సైడు చివర రెండు మూడు నిమిషాల టేపు మిగిలేది. దాన్ని ఖాళీగా వదిలితే కేసెట్టు పాడైందని గొడవకి వచ్చేవారు. అందుకని ఆ మిగిలిన చోట మాకు తోచిన పాట ఒకటి వేసేవాళ్లం. అది డబ్బు తీసుకోకుండా వేసే పాట, కొసరు పాట. చీటీ మొత్తం కొన్నవాడిది, ఆ చివరి మూడు నిమిషాలు మాత్రం నావి.

కామేశ్వరరావు గారు

మా యజమాని కామేశ్వరరావు గారు శాస్త్రీయ సంగీతం తప్ప ఇంకొకటి వినేవారు కాదు. మధ్యాహ్నం క్యారేజీ తింటూ కూడా వేలితో తాళం వేస్తూ ఉండేవారు. అయినా ఎంత పిచ్చి పాటల చీటీ వచ్చినా ఆయన ముఖంలో చిన్న ముడత పడేది కాదు. అందులో నేను ఆయనకి పూర్తిగా వ్యతిరేకం. నాకు సాహిత్యం తలకెక్కిన రోజులవి. అర్థవంతమైన పాట అంటే ప్రాణం. ఈలలూ, కేకలూ, అర్థంలేని కూతలూ ఉన్న హుషారు పాటలంటే ఒళ్లుమంట. అలాంటి చీటీ వస్తే చదువుతూ పెదవి విరిచేవాణ్ణి. వచ్చినవాళ్లు నొచ్చుకునేవారు.

మాకొక లెక్చరర్ గారు ఖాతాదారు. ఆయన చీటీ చూస్తే నాకు పండగ. అన్నీ బరువైన పాటలే. ఆయనే ఒకరోజు రెండో చీటీ మడతపెట్టి ఇస్తూ, మా పిల్లలు అడిగారండీ అన్నారు. అందులో అన్నీ హుషారు పాటలు. ఆయన వెళ్లాక కామేశ్వరరావు గారు కళ్లజోడు తుడుచుకుంటూ, ఆయనకింకా పెళ్లే కాలేదయ్యా అన్నారు. నేను పడీ పడీ నవ్వాను. ఆయన మాత్రం నవ్వలేదు. నా మొహం చూసి భయపడి ఆ పెద్దమనిషి లేని పిల్లల్ని పుట్టించుకోవలసి వచ్చిందని ఆయన బాధ. ఆ మాట నాకు అప్పుడు తలకెక్కలేదు.

నా పాట

సింహాచలం మా ఊరివాడే. పోర్టులో టాలీ గుమాస్తా. ఓడలోంచి దిగే బస్తాలు లెక్కపెట్టడం వాడి పని. వాడి గొంతు ఎంత బాగుండేదంటే, వాడు బస్తాలు లెక్కపెడుతుంటే కళాసీలు పని ఆపి వినేవారట. ఇంత గొంతు పెట్టుకుని వాడు పాడేవన్నీ తేలికపాటి పాటలే. పైగా చరణానికీ చరణానికీ మధ్య ఈల. నేను వాణ్ణి బాగుచెయ్యాలనుకున్నాను.

మూడు నెలలు కూర్చుని ఒక పాట రాశాను. 'ఉప్పునీట పెరిగిన ఊరా, నీ దాహం తీరేదెప్పుడు' అని మొదలవుతుంది. రేవు మీదా, రేవు కూలీల మీదా మూడు చరణాలు. ఇప్పుడు చూసుకుంటే అందులో దాహం అన్న మాట ఏడుసార్లు ఉంది. అప్పుడు మాత్రం నా అంతటివాడు లేడనుకున్నాను. సింహాచలమే బాణీ కట్టాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం షాపు మూసి ఉన్నప్పుడు, అరువు తెచ్చిన హార్మోనియంతో, ఒక్క మైకుతో రికార్డు చేశాం. డ్యూటీ దిగి తిన్నగా వచ్చాడు, అన్నం కూడా తినలేదు. మైకులోకి గొంతు ఎంత వెళ్తోందో మిషను మీది సూది కదలికలో చూడటానికి ఏదైనా పాడమంటే, తనకిష్టమైన హుషారు పాట రెండు లైన్లు పాడి, ఈల వేసి, నాతో ఏదో వాగి, ఆ తర్వాత నా పాట అందుకున్నాడు. పాట అద్భుతంగా పాడాడు. ఆ పాటలో బాగున్నది వాడి గొంతొక్కటేనని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

అప్పటినుంచి ఎవరి కేసెట్టు వచ్చినా సైడు చివర కొసరుగా నా పాటే వేశాను. ముందున్న ఆ ఈల గోల రాకుండా, సరిగ్గా పాట మొదలయ్యే చోటు నుంచే ఎక్కించేవాణ్ణి. కామేశ్వరరావు గారికి నెల తర్వాత తెలిసింది. నాలుగుసార్లు శ్రద్ధగా విన్నారు. వేసుకో, ఎవరైనా వద్దంటే మాత్రం మారుమాట్లాడకుండా తీసెయ్యి అన్నారు. పాట బాగుందని అనలేదు.

దాదాపు రెండేళ్లు అలా వేశాను. గాజువాకలో గది అద్దెకి తీసుకుని స్టీల్‌ప్లాంటు కట్టుబడి పనికి వెళ్లేవాళ్ల దగ్గర్నుంచి, పెందుర్తిలో కొత్తగా ఇళ్లు కట్టుకున్నవాళ్ల దాకా, నా పాట లేని ఇల్లు లేదనుకుని కాలర్ ఎగరేసుకుని తిరిగాను.

ఎర్రయ్య చీటీ

ఎర్రయ్య ఫిషింగ్ హార్బర్‌లో బోటు డ్రైవరు. ఒకరోజు కొత్త కేసెట్టూ చీటీ తెచ్చాడు. చీటీ ఎవరిచేతో రాయించాడు. అందులో ఒకే పాట నాలుగుచోట్ల ఉంది. అర్థంపర్థం లేని గోల పాట. రాసినవాడు తప్పు రాశాడేమో అన్నాను. కాదు, నాలుగుసార్లూ కావాలన్నాడు. సరేనని కేసెట్టు తీసుకుని, ఒక్కసారే ఎక్కించాను. మిగతా మూడు చోట్లా మంచి సాహిత్యం ఉన్న పాటలు మూడు వేశాను. ఇతను కూడా కాస్త మంచి పాట వింటాడులే అని నా ఔదార్యం.

నాలుగో రోజున తిరిగొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. కోపం లేదు. అరవలేదు. నిదానంగా చెప్పాడు.

"సేపలు పడని రోజున మా బోటోళ్లు ఒకడితో ఒకడు మాటాడరు బాబూ. అందరం తలొంచుకుని వలలు కుడతాం. ఆ పాటొత్తే మా బావమరిది వల నెత్తిమీదేసుకుని ఆడతాడు. అందరం నవ్వీత్తాం. ఒక్కపాలి నవ్వితే సాల్దు. అందుకే నాలుగు సెప్పినాను."

కామేశ్వరరావు గారు లేచి వచ్చి, ఎర్రయ్యకి నా తరఫున క్షమాపణ చెప్పారు. తర్వాత నావైపు తిరిగి, ఆ పన్నెండేళ్లలో నాతో అన్న ఒకే ఒక కఠినమైన మాట అన్నారు.

"చీటీ చదవడం మన పనయ్యా. మార్కులు వెయ్యడం కాదు."

కేసెట్టు మళ్లీ మొదటినుంచీ ఎక్కించాను. బుద్ధి వచ్చి చేసిన పని కాదు, మాట పడ్డ ఉక్రోషంతో చేశాను. ఇతనికి ఇంత శ్రద్ధ ఎందుకులే అని కొసరు పాట దగ్గర టేపు సరైన చోట పెట్టను కూడా లేదు. సింహాచలం ఈల, వాగుడు, అన్నీ కలిసి ఎక్కిపోయాయి. చూసి కూడా వదిలేశాను.

చెరిపిన రోజు

కొన్నాళ్లకి ఎర్రయ్య రెండో కేసెట్టు కోసం వచ్చాడు. ఆ సమయానికి సింహాచలం కూడా షాపులోనే ఉన్నాడు. నా పాట ఎక్కించి నేనిచ్చిన కాపీ కేసెట్టు చేతిలో పట్టుకుని ఏదో అడగడానికి వచ్చి, చెప్పడానికి తటపటాయిస్తూ కూర్చున్నాడు. నాకు ఎర్రయ్యని చూడగానే ఆశ పుట్టింది. మొదటి కేసెట్టులో సైడు చివర పాట ఎలా ఉందని అడిగాను.

"ఆ ఏడుపు పాటా? అది బలే పనికొచ్చింది బాబూ. అది మొదలైందంటే సైడైపోయినట్టే. బేగి కేసెట్టు తిప్పీత్తాం."

సింహాచలం బల్ల పట్టుకుని నవ్వాడు. కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వి, తనొచ్చిన పని చెప్పాడు. వాడి కేసెట్టులో కూడా ఆ పాట తీసేసి హుషారు పాటలు ఎక్కించాలట. రమణకి అవే ఇష్టమట. రమణ వాడి భార్య. "నాను ముందే సెప్పినాను కదా బావా, ఇది మన గొంతుకి సరిపడే పాట కాదని" అన్నాడు. వాడిలో వెటకారం లేదు, ఎప్పుడూ లేదు. నాకే ఒళ్లు తెలియలేదు. వాడు తెచ్చిన కేసెట్టు లాక్కుని పక్కన పెట్టాను. బీరువాలోంచి అసలు టేపు తీసి, వాడి కళ్లెదురుగానే మిషన్లో పెట్టి, ఉన్నదంతా చెరిగిపోయేలా ఏ పాటా పెట్టకుండా రికార్డింగు మీట నొక్కాను. ఇక నీ గొంతు నాకక్కర్లేదు అన్నాను.

టేపు చెరగడానికి నాలుగు నిమిషాల పైన పట్టింది. ఆ నాలుగు నిమిషాల్లో ఎప్పుడైనా ఆపవచ్చు. వాడు నవ్వు ఆపేసి నావైపే చూస్తున్నాడు, ఎర్రయ్య తలుపు దగ్గర నిలబడిపోయాడు. నేను ఆపలేదు. ఆ తర్వాత వాడి కేసెట్టు కూడా చెరిపి, వాడడిగిన హుషారు పాటలే ఎక్కించి విసురుగా చేతిలో పెట్టాను. ఎక్కించేముందు చెరిపేది ఏమిటో విని చూడమని మా షాపులో నియమం. ఆ రోజు నేను చెరుపుతున్నది ఏమిటో నాకు బాగా తెలుసు. తెలిసే చెరిపాను.

ఏడెనిమిది నెలలు మాటల్లేవు. తర్వాత వాడికి పచ్చకామెర్లు ముదిరి పెద్దాసుపత్రిలో చేర్చారని తెలిసి పరిగెత్తాను. మనిషి పసుపుముద్దలా ఉన్నాడు. ఆ టేపు సంగతి ఎత్తుదామంటే నాకు నోరు రాలేదు. వాడే నవ్వు మొహం పెట్టి, కొత్త పాటలేటొచ్చినాయి బావా అని అడిగాడు. వరసగా చెప్పాను. మూడో రోజున పోయాడు.

వెతుకులాట

ఏడాది తిరిగాక రమణ షాపుకి వచ్చింది. పోర్టువాళ్లు ఏదో చిన్న ఉద్యోగం ఇచ్చారు, చేసుకుంటోంది. కాసేపు అవీ ఇవీ మాట్లాడి, తలొంచుకుని చెప్పింది.

"మొకం గుర్తుంది అన్నయ్యా. ఫోటోలున్నాయి. గొంతే మర్సిపోతన్నాను. మీకాడ ఆయన పాడింది ఉంటాది కదా, ఓపాలి ఇనిపించండి."

ఆమెకి వాడు ఏమీ చెప్పలేదని నాకప్పుడు అర్థమైంది. నేను చేసిన పని ఇంట్లో కూడా చెప్పకుండా కడుపులో పెట్టుకున్నాడు. నేనూ నిజం చెప్పలేకపోయాను. వెతికి ఇస్తానని పంపేసి, మెట్ల కింద కూర్చుని ఏడ్చాను. కామేశ్వరరావు గారు అంతా విని, వందలమందికి ఎక్కించావు కదా, వెళ్లి అడుగు అన్నారు.

సైకిలు మీద ఊరంతా తిరిగాను. నా పాట ప్రతి ఇంట్లో ఉందనుకున్నానా, ఒక్క ఇంట్లోనూ లేదు. పెందుర్తిలో రైల్వే ఆయన, చివర్లో ఏదో నీరసం పాట ఉంటే తీయించేశామన్నారు. ఎవరిచేత తీయించారంటే, మీ షాపులోనే, మీరే తీశారు కదా అన్నారు. అలా తీసినవాటిని నేనెప్పుడూ లెక్కలో వేసుకోలేదు. గాజువాక గదుల్లోవాళ్లు ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిపోయారు. చివరికి లెక్చరర్ గారి మీద ఆశ పెట్టుకుని వెళితే, ఆయన దాని మీద ఇంకో హుషారు పాట ఎక్కించుకున్నారు. ఈసారి పిల్లల పేరు చెప్పలేదు. పెళ్లి చేసుకున్నారట, ఆవిడ నవ్వుతూ కాఫీ ఇచ్చారు. రెండు వారాల్లో నా కవిత్వం విలువెంతో ఇంటింటికీ తిరిగి తెలుసుకున్నాను. కానీ అప్పటికి నా బాధ కవిత్వం గురించి కాదు.

ఎర్రయ్య దగ్గరికి వెళ్లడానికి సిగ్గేసి, అతన్ని ఆఖరున ఉంచాను. తెల్లారేసరికి హార్బర్‌కి వెళితే వేలంపాటలో చేపలు అమ్ముడుపోయాయి, ఐసు మోసే బళ్లు తిరుగుతున్నాయి, అతను వలల దగ్గర కూర్చుని ఉన్నాడు. విషయం చెప్పాను. షాపులో ఆ రోజు నవ్వినవాడేనా అని అడిగి, వల కుట్టే సూది పక్కన పెట్టేశాడు. తర్వాత లేచి వెళ్లి, ఉప్పు గాలికి మూత తుప్పుపట్టిన టేపురికార్డరు తెచ్చాడు. కేసెట్టు అందులోనే ఉంది.

"దీన్నెందుకు తీత్తాం బాబూ? అది లేకపోతే సైడైపోయినట్టు తెల్దు కదా."

ఊరంతా చెరిపించుకున్న పాట అతని దగ్గర బడిగంటలాగా పనికొచ్చి మిగిలింది. అక్కడే వల మీద కూర్చుని పెట్టుకుని విన్నాను. గరగరమంటోంది గానీ వాడి గొంతు వాడి గొంతే. ఈలతో సహా ఉంది. ఎర్రయ్య కేసెట్టు తీసి నా చేతిలో పెట్టి, కాపీ తీసుకుని బేగి తెచ్చియ్యమన్నాడు.

రమణ

రమణని పిలిచి, కామేశ్వరరావు గారి కుర్చీలో కూర్చోబెట్టాను. ముందు నిజం చెప్పాను. నేనే చెరిపానని, వాడి ఎదురుగానే చెరిపానని, ఊరంతా తిరిగితే ఇది ఒక్కటి ఎర్రయ్య దగ్గర దొరికిందని, అతను దీన్ని ఎందుకు దాచుకున్నాడో కూడా చెప్పాను. ఆమె పెట్టండి అన్నట్టు చెయ్యి చూపించింది.

గరగర. తర్వాత వాడు హుషారు పాట రెండు లైన్లు పాడాడు. ఈల వేశాడు. ఆ తర్వాత వాడి మాట.

"సూది కదుల్తన్నాదేటి బావా? బేగి కానీ. ఇంటికాడ సేపల పులుసు సల్లారిపోతాది, మీ సెల్లెలు తంతాది నన్ను."

రమణ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు, రెండూనేమో. "సల్లారిపోయింది. తిట్టినాను ఆ రోజు" అంది. అంతలో హార్మోనియం మొదలై, ఉప్పునీట పెరిగిన ఊరా అని నా పాట వచ్చింది. మొదటి లైను పూర్తికాకుండానే చెయ్యి ఎత్తి, ఎనక్కి తిప్పండి అంది. తిప్పాను. మళ్లీ ఈల, మళ్లీ పులుసు, మళ్లీ నా పాట మొదటి మాట, మళ్లీ ఎనక్కి. ఎన్నిసార్లు తిప్పానో లెక్కలేదు. మూడు నెలలు కూర్చుని రాసిన మూడు చరణాలూ ఆ రోజు ఒక్కసారి కూడా వినబడలేదు. నాకూ అవి వినాలనిపించలేదు.

బరువైన పాట వద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. అలాంటి పాటల వల్ల నిలబడ్డవాళ్లని నా షాపులోనే చూశాను. నేను చెప్పేది ఇంతే. ఏ పాటలో ఎవరి మనిషి ఉన్నాడో బల్ల ఇవతల కూర్చున్నవాడికి తెలియదు. చీటీ తీసుకోండి, అడిగింది వెయ్యండి, నాలుగుసార్లు అడిగితే నాలుగుసార్లూ వెయ్యండి.

రమణకి కొత్త కేసెట్టు ఇస్తానన్నాను. అరవై నిమిషాలదాన్లో ఆ ముక్క ఒక్కటే రెండు వైపులా నిండా మళ్లీ మళ్లీ ఎక్కిస్తానని, నా పాట అసలు వెయ్యనని చెప్పాను. ఆమె కళ్లు తుడుచుకుని, ఏడాది తర్వాత మొదటిసారి మా సింహాచలం పెళ్లాంలాగా నవ్వింది.

"సివర్న మీ పాట కూడా ఓపాలి ఎయ్యండి అన్నయ్యా. అది లేకపోతే సైడైపోయినట్టు నాకెలా తెలుస్తాది?"

అలాగే వేశాను. రెండు వైపులా, చివర్లో.